హార్మోన్ యూనిట్లు మార్చే యాప్: స్టెరాయిడ్లకు సరే, ఇన్సులిన్‌కు జాగ్రత్త

రెండు ల్యాబుల రిపోర్టులను పక్కపక్కన పెట్టుకొని చూసినప్పుడు ఒకదానిలో టెస్టోస్టిరాన్ 450 అనీ, మరొకదానిలో 15.6 అనీ ఉంటే హార్మోన్ ఒక్కసారిగా పడిపోయిందని కంగారు కలుగుతుంది. నిజానికి మొదటిది డెసిలీటరుకు నానోగ్రాముల్లోనూ, రెండవది లీటరుకు నానోమోల్‌లలోనూ చెప్పిన ఒకే పరిమాణం. ఈ లెక్కను ఫోన్‌లోనే చేసిపెట్టే ఒక ఉచిత యాప్‌ను కొంతకాలంగా వాడుతున్నాను.

ముందుగా హార్మోన్ పేరు ఎంచుకోనిదే అంకె వేయనివ్వకపోవడం దీనిలో నాకు బాగా నచ్చింది. గ్రాములను (బరువు) మోల్‌లలోకి (అణువుల సంఖ్య) మార్చాలంటే ఆ పదార్థపు అణుభారం తెలియాలి, అది ప్రతి హార్మోన్‌కూ వేరు కనుక అన్నింటికీ సరిపోయే గుణకం ఉండదు. స్టెరాయిడ్ హార్మోన్ అయిన ఎస్ట్రాడియోల్ అణుభారం సుమారు 272.4, అందువల్ల మిల్లీలీటరుకు ఒక పికోగ్రాము అంటే లీటరుకు 3.67 పికోమోల్‌లు. మరో స్టెరాయిడ్ అయిన కార్టిసోల్‌కు అది 362.5 కావడంతో డెసిలీటరుకు ఒక మైక్రోగ్రాము లీటరుకు 27.6 నానోమోల్‌లు అవుతుంది. వీటిని చేత్తో లెక్కవేసి సరిచూస్తే తేడా రాలేదు. థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోన్ టీఎస్‌హెచ్‌కు మార్చవలసినదేమీ లేదని యాప్ నిజాయితీగా చెబుతుంది: మిల్లీలీటరుకు మైక్రో యూనిట్లన్నా, లీటరుకు మిల్లీ యూనిట్లన్నా అంకె మారదు.

ఇన్సులిన్ దగ్గర మాత్రం ఈ నమ్మకం సడలుతుంది. అంతర్జాతీయ యూనిట్ అనేది బరువు కాదు. ఒక ప్రామాణిక నమూనాతో పోల్చి నిర్ణయించిన జీవక్రియా సామర్థ్యం. మిల్లీలీటరుకు మైక్రో యూనిట్ల నుంచి లీటరుకు పికోమోల్‌లకు సరైన గుణకం 6.0 అని నిపుణులు చెబుతున్నా, పాత 6.945 ఇంకా చాలా పట్టికల్లో ఉంది, ఈ యాప్ కూడా ఏ వివరణా లేకుండా దానినే వాడుతుంది. లీటరుకు 60 పికోమోల్‌ల ఫలితాన్ని వెనక్కి మారిస్తే 10కి బదులు 8.6 వస్తుంది, దానిని గ్లూకోజ్‌తో (లీటరుకు మిల్లీమోల్‌లలో) గుణించి 22.5తో భాగించే, ఇన్సులిన్ నిరోధకతను అంచనా వేసే హోమా-ఐఆర్ సూచీ కూడా అదే నిష్పత్తిలో తగ్గిపోతుంది. ప్రొలాక్టిన్ హార్మోన్‌ను మిల్లీలీటరుకు నానోగ్రాముల నుంచి లీటరుకు మిల్లీ యూనిట్లకు మార్చడానికి వాడిన 21.2 తప్పు కాదు గానీ, పరీక్ష కిట్‌ను ఏ ప్రమాణానికి సరిచేశారన్నదానిని బట్టి అది మారవచ్చు కాబట్టి ల్యాబు ఇచ్చే గుణకాన్నే అడిగి తీసుకోవడం మేలు.

నానోగ్రాము/డెసిలీటరు, నానోగ్రాము/మిల్లీలీటరు అన్న ఎంపికలు జాబితాలో ఒకదాని కిందొకటి చిన్న అక్షరాల్లో ఉన్నాయి. వేలు జారితే నూరు రెట్ల తేడా. దశాంశం తరువాత నాలుగు అంకెలు చూపించడం మరీ అనవసరం, ఎందుకంటే ఏ రక్తపరీక్షకూ అంత కచ్చితత్వం ఉండదు.

అన్నిటికంటే అభ్యంతరకరమైనది, ఫలితం పక్కన యాప్ తన సొంత సాధారణ పరిధిని పెట్టి, దాటితే ఎర్ర రంగు చూపించడం. కార్టిసోల్ ఉదయం ఒకలా, రాత్రి ఒకలా ఉంటుంది. ఎస్ట్రాడియోల్ ఋతుచక్రపు దశను బట్టి మారుతుంది. ఇమ్యునోఅస్సేతో (ప్రతిరక్షకాల సాయంతో కొలిచే పద్ధతి) చేసిన పరీక్షకూ మాస్ స్పెక్ట్రోమెట్రీతో (అణువుల ద్రవ్యరాశిని బట్టి కొలిచే పద్ధతి) చేసినదానికీ పరిధులు ఒకటి కావు. రిపోర్టులోనే ముద్రించిన కనిష్ఠ, గరిష్ఠ విలువలను ఫలితంతో పాటు అదే గుణకంతో మార్చి చూపే వీలు ఉండాలి. ప్రస్తుతం ఆ మూడు అంకెలనూ విడివిడిగా నమోదు చేసుకోవలసి వస్తోంది.