నడవగలిగే పెద్దలకు మంచి ఇల్లు, మంచాన పడితే మాత్రం జవాబు లేదు

హైదరాబాద్ శివార్లలో పెద్దవారి కోసం కట్టిన ఒక నివాస సముదాయంలో మా అమ్మగారు రెండేళ్లుగా ఉంటున్నారు. ఆమెకు 78 ఏళ్లు. తమవారిని ఇలాంటి చోట చేర్చాలని ఆలోచిస్తున్నవారికి పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

భోజనం విషయంలో వంక పెట్టడానికి లేదు. ఉప్పు, కారం తగ్గించి, అన్నం మెత్తగా వండి, పూటపూటా వేడిగా వడ్డిస్తారు. ఏకాదశినాడు ఉపవాసం ఉండేవారికి విడిగా ఫలహారం చేసి గదికే పంపడం నేను స్వయంగా చూశాను. మా ఇంట్లో ఉన్నప్పటికంటే అమ్మ ఇక్కడే ఎక్కువ మాట్లాడుతున్నారు. ఒప్పుకోవడం కష్టమే అయినా అది నిజం.

లోపమంతా కట్టడంలోనూ కాగితాల్లోనూ ఉంది. స్నానాల గదిలో ఆపద వస్తే లాగడానికి గంట తాడు ఒకటి వేలాడుతుంది. నేల తుడిచేటప్పుడు అడ్డొస్తోందని పనివారు దాన్ని పైకి చుట్టి ముడి వేశారు. పోయిన శ్రావణంలో ఒకనాటి తెల్లవారుజామున అమ్మ కాలు జారి పడినప్పుడు ఆ ముడి ఆమె చేతికి మూరెడు పైన ఉండిపోయింది. పాలు తెచ్చిన ఆయా చూసేదాకా ముప్పావుగంట ఆమె తడినేల మీదే ఉన్నారు. దేవుడి దయవల్ల ఎముక విరగలేదు. మర్నాడే అన్ని గదుల్లోనూ తాళ్లను నేలకు జానెడు ఎత్తు వరకు దింపించిన యాజమాన్యానికి కృతజ్ఞతలు.

చక్రాల కుర్చీ నడిచే ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు ఉండాలని మన దేశపు ప్రమాణాలు చెబుతున్నాయి. ఇక్కడ 2 అడుగుల ఎత్తున్న వరండాకు 10 అడుగుల ర్యాంపే కట్టారు కనుక కుర్చీని పైకి నెట్టాలంటే ఇద్దరు కావాలి. ఈరోజు నడుచుకుంటూ వచ్చి చేరినవారికే కొన్నేళ్ల తరువాత ఆ కుర్చీ అవసరమవుతుందన్న ఆలోచన ఈ ప్లానులో ఎక్కడా కనిపించదు.

నిర్మాణ సంస్థ, సేవలందించే సంస్థ, ఇల్లు తీసుకున్నవారు ముగ్గురూ కలిసి సంతకం చేసే ఒప్పందం ఉండాలని కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2019 నాటి నమూనా మార్గదర్శకాల్లో సూచించింది. మాకు మాత్రం రెండు ఒప్పందాలు విడివిడిగా ఇచ్చారు. అమ్మ మంచాన పడితే అక్కడే ఉంచి చూసుకుంటారా, తీసుకువెళ్లమంటారా అన్నది రెండింటిలోనూ లేదు. అడిగితే "అప్పుడు చూద్దాం లెండి" అన్నారు.

తమ పనులు తాము చేసుకోగలిగే పెద్దలకైతే ఈ చోటును నిస్సంకోచంగా సూచిస్తాను. అయితే డబ్బు కట్టేముందు ఒకసారి రాత్రి పది దాటాక వెళ్లి, ఎంతమంది ఆయాలు పనిలో ఉన్నారో చూడండి. మా అమ్మ ఉండే బ్లాకులో 36 ఫ్లాట్లకు ఒక్కరే ఉన్నారు.