డిగ్రీ మొదటి ఏడాది మనస్తత్వశాస్త్రం: ఒడిశాలోని పర్లాకిమిడి విద్యార్థి సమీక్ష

మనస్తత్వశాస్త్రం చదివితే ఎదుటివారి మనసులోని మాట ఇట్టే తెలిసిపోతుందన్న నమ్మకంతో ఈ ప్రాథమిక కోర్సులో చేరేవారు మొదటి నెలలోనే నిరాశపడతారు, నేనూ పడ్డాను. ఇక్కడ బోధించేది జోస్యం కాదు, 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో మనస్తత్వశాస్త్రవేత్త విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల నెలకొల్పిన నాటి నుంచి కొలతలు, ప్రయోగాల మీద పెరిగిన శాస్త్రం. నాడీకణాల పాఠాలు జీవశాస్త్రాన్ని తలపిస్తాయి. గణాంకాలూ తప్పవు.

అన్నిటికన్నా నాకు నచ్చినది జ్ఞాపకశక్తి అధ్యాయం. అర్థంలేని అక్షరాల కూర్పులను తానే కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మరచిపోతున్నాడో లెక్కగట్టిన జర్మన్ మనస్తత్వశాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రకటించిన ఫలితాలు చదివాక, పరీక్ష ముందురోజు రాత్రి బట్టీపట్టే అలవాటు మానుకుని, పాఠాన్ని కొన్ని రోజుల ఎడంతో మళ్లీ మళ్లీ చదవడం మొదలుపెట్టాను. అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే ప్రయోగం సరదాగా ఉంటుంది. అయితే మా కళాశాలలో పరికరం ఒక్కటే కావడంతో వంతు కోసం వారాల తరబడి ఎదురుచూశాం.

చేరబోయే తెలుగు పిల్లలు భాష విషయం ముందే తెలుసుకోవాలి. పాఠం ఒడియాలో, పుస్తకం ఆంగ్లంలో, ఆలోచన తెలుగులో సాగుతాయి కనుక, నిబంధనం (ఒక సూచనకు స్పందన అలవాటు కావడం), పునర్బలనం (ఒక ప్రవర్తనను బలపరచడం) వంటి పదాలకు మూడు భాషల పట్టిక రాసుకున్నవారే మాలో నిలదొక్కుకున్నారు. కౌన్సెలింగ్ నేర్చుకోవాలని వచ్చేవారికి మాత్రం ఈ ఏడాది పెద్దగా దొరకదు. అది పై చదువుల పని. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ కోసం వచ్చేవారికి కొద్ది పుటలే దక్కుతాయి.