రెండున్నర లక్షల గేమింగ్ లాప్‌టాప్: ఎస్పీ రోడ్డు బేరం సరే, వారంటీ ఎవరిది?

బెంగళూరులో రెండు లక్షలు దాటిన గేమింగ్ లాప్‌టాప్ కొనేవాళ్లు వారాల తరబడి ధర దగ్గరే తిరుగుతుంటారు. కంప్యూటర్ షాపుల బజారు ఎస్పీ రోడ్డులో ఎంత, మారతహళ్లి షోరూమ్‌లో ఎంత, ఆన్‌లైన్ సేల్‌లో కార్డు ఆఫర్ పోను ఎంత అని. చాలాసార్లు చివరికి తేలే తేడా కొద్ది వేలే. తీరా బిల్లు కొట్టేటప్పుడు కౌంటర్ అబ్బాయి "సార్, ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా వేసేయమంటారా?" అంటే, అది ఎవరిదో, దేనికి వర్తిస్తుందో అడక్కుండా కొందరు తలూపేస్తారు. ఇంకొందరు అదంతా దండగ అని కొట్టిపారేస్తారు. రెండూ తొందరపాటే.

ఈ తరగతి లాప్‌టాప్‌లో వారంటీ అంటే ప్రధానంగా మదర్‌బోర్డుకు వారంటీ. డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు పోతే కార్డు మారుస్తాం, ప్రాసెసర్ పోతే ప్రాసెసర్ మారుస్తాం. ఇక్కడ ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్పు, దాని చుట్టూ ఉండే మెమరీ చిప్పులు అన్నీ ఒకే బోర్డు మీద టంకం వేసి ఉంటాయి. ఒక్క మెమరీ చిప్పు పోయినా సర్వీస్ సెంటర్ ఇచ్చే అంచనాలో మొత్తం బోర్డు ధర ఉంటుంది. ఖరీదైన మోడళ్లకు అది లాప్‌టాప్ ధరలో సగం దాకా చెప్పినా ఆశ్చర్యపోనక్కర్లేదు. కాబట్టి ఎన్నేళ్ల వారంటీ అన్న ప్రశ్న తర్వాత. బోర్డు పోతే దాన్ని మార్చాల్సిన బాధ్యత ఎవరిది, ఏ బోర్డు వేస్తారు అన్నది ముందు తేలాలి.

యంత్రం ఎంపిక గురించి క్లుప్తంగా. పేరు చూసి మోసపోవద్దు. ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్పులకు ఆర్‌టీఎక్స్ 5070, 5080, 5090 లాంటి పేర్లుంటాయి. లాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 5090లో ఉండే చిప్పు డెస్క్‌టాప్ 5080లో ఉండేదే. పైగా ఒకే పేరున్న చిప్పుకు ఒక్కో కంపెనీ ఒక్కో వాటేజీ (చిప్పు వాడుకోగల కరెంటు) ఇస్తుంది. లాప్‌టాప్ 5080కి 80 వాట్ల నుంచి 150 వాట్ల దాకా అవకాశం ఉంది, ప్రాసెసర్ వాట్లను అవసరమైనప్పుడు గ్రాఫిక్స్‌కు మళ్లించే డైనమిక్ బూస్ట్‌తో మరో 25 కలుస్తాయి. సన్నటి మోడల్‌లో తక్కువ వాట్ల 5080, లావుపాటి మోడల్‌లో పూర్తి వాట్ల 5070 టీఐ పక్కపక్కన పెడితే తేడా ధరలో కనిపించినంతగా ఆటలో కనిపించదు. షాపులో డెమో పీస్ ఉంటే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో గరిష్ఠ గ్రాఫిక్స్ పవర్ ఎంతో చూడండి. సేల్స్ అబ్బాయికి తెలియకపోయినా అక్కడ రాసి ఉంటుంది.

గ్రాఫిక్స్ మెమరీ 5070కి 8 జీబీ, 5070 టీఐకి 12, 5080కి 16, 5090కి 24. 2560 బై 1600 స్క్రీన్‌తో నాలుగేళ్లు వాడాలనుకునేవాళ్లు 8 జీబీ దగ్గర ఆగడం మంచిది కాదు, తర్వాత పెంచుకునే వీలు లేదు. డబ్బుకు తగ్గ విలువ 5070 టీఐ దగ్గరే దొరుకుతుందని మా అభిప్రాయం. అక్కడ మిగిలింది వారంటీకి పెడితే రెండిందాలా మేలు. ర్యామ్ రెండు స్లాట్లలో విడిగా ఉందా, బోర్డుకే అతికించి ఉందా అన్నదీ అడగండి. అతికించినదైతే ర్యామ్ చెడిపోయినా బోర్డే మార్చాలి.

ఇక ఎస్పీ రోడ్డు. కారు ఇంట్లో పెట్టి గ్రీన్ లైన్ మెట్రోలో చిక్‌పేటలోనో, కేఆర్ మార్కెట్‌లోనో దిగి నడవడం నయం. ఆదివారం చాలా షట్టర్లు మూసే ఉంటాయి. తెలుగుతో పని జరిగిపోతుంది గానీ బేరానికి ముందు రెండు మూడు షాపుల్లో పూర్తి మోడల్ నంబరుతో కొటేషన్ రాయించుకోండి. పూర్తి నంబరు ముఖ్యం. చివరి రెండు మూడు అక్షరాలు మారితే స్క్రీనో, ర్యామో, ఒక్కోసారి వారంటీ కాలమో మారిపోతుంది.

"బిల్లు లేకుండా అయితే ఇంకాస్త తగ్గిస్తా" అన్న మాట వినబడితే అక్కడి నుంచి కదలండి. లాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. ఆ ఆశ చూపించి అంటగట్టేది తరచుగా దుబాయ్ నుంచో అమెరికా నుంచో వచ్చిన సరుకు. దాన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. పెట్టె తెరవకముందే పక్కన అతికించిన స్టిక్కర్ చూడండి. మన దేశంలో అమ్మడానికి తెచ్చినదైతే దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ, కస్టమర్ కేర్ నంబరు ఉండి తీరాలి. లాప్‌టాప్ అడుగున, అడాప్టర్ మీద భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. ఇవేవీ లేని పెట్టెకు ఇక్కడి సర్వీస్ సెంటర్‌లో ఎలాంటి మర్యాద దక్కుతుందో ఊహించుకోవచ్చు.

బిల్లు మీద సీరియల్ నంబరు ఉండాలి. పెట్టె మీదిది, లాప్‌టాప్ అడుగునున్నది, లాప్‌టాప్ ఆన్ చేసేటప్పుడు తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లో కనిపించేది, మూడూ ఒకటే కావాలి. కౌంటర్ దగ్గరే ఫోన్‌లో కంపెనీ వారంటీ పేజీ తెరిచి ఆ నంబరు కొట్టండి. వారంటీ ఆరు నెలల కిందటే మొదలైనట్టు చూపిస్తే అది డెమో పీసో, వాపసొచ్చిన పీసో, గోడౌన్‌లో మురిగిందో. బిల్లు చూపిస్తే కంపెనీలు తేదీ సరిచేస్తాయి గానీ, ఆ పని డబ్బు కట్టకముందు షాపువాడి చేత చేయించాలి.

ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె విప్పడం మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయండి. రీప్లేస్‌మెంట్ గడువు చాలా తక్కువ కాబట్టి మొదటి రెండు రోజుల్లోనే యంత్రాన్ని గట్టిగా పరీక్షించాలి. తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు పూర్తి స్క్రీన్‌లో పెట్టి పిక్సెళ్లు చూడండి. ఒకటి రెండు చచ్చిన పిక్సెళ్లను కంపెనీలు సాధారణంగా లోపంగా లెక్కించవు, రీప్లేస్‌మెంట్ గడువు దాటితే వాటితోనే కాపురం. వేడి, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో సాఫ్ట్‌వేర్ ఆన్ చేసి, అడాప్టర్ పెట్టి, గరిష్ఠ వేగం ఇచ్చే టర్బో మోడ్‌లో ఓ బరువైన ఆట అరగంట ఆడండి. గ్రాఫిక్స్ చిప్పు 87 డిగ్రీల దగ్గర ఆగిపోయి వాట్లు సగానికి పడిపోతుంటే, లేదా ప్రాసెసర్‌లో ఒక కోర్ 100 డిగ్రీలు తాకుతూ పక్కది 80 లోపు ఉంటే, వేడిని లాగే హీట్‌సింక్ సరిగా కూర్చోలేదో, దానికీ చిప్పుకూ మధ్య పూసే పేస్టు సమంగా పరుచుకోలేదో అనుకోవాలి. బెంగళూరు చల్లదనంలోనే ఇలా ఉంటే మే నెలలో విజయవాడలో ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కొన్ని మోడళ్లలో పేస్టుకు బదులు లిక్విడ్ మెటల్ ఉంటుంది. వేడిని బాగా లాగుతుంది, కానీ అది విద్యుత్ వాహకం. బొట్టు పక్కకు జారితే బోర్డు షార్ట్. అలాంటి యంత్రాన్ని దుమ్ము దులపడానికని ఏ షాపులో పడితే అక్కడ హీట్‌సింక్ విప్పించకూడదు. మీ మోడల్‌లో ఏముందో కొనేముందే తెలుసుకోండి. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మార్చుకుంటే వారంటీ పోతుందా అన్నది కూడా కంపెనీకి మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. కౌంటర్‌లో ఇచ్చిన హామీ సర్వీస్ సెంటర్‌లో చెల్లదు.

ఇప్పుడు అసలు విషయం. ఎక్స్‌టెండెడ్ వారంటీ పేరుతో అమ్మేవి మూడు వేర్వేరు సరుకులు. మొదటిది కంపెనీ తన వారంటీనే పొడిగించడం. రెండోది యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్రొటెక్షన్, అంటే కింద పడినా, కాఫీ ఒలికినా, స్క్రీన్ పగిలినా చూసేది. మూడోది షాపు ప్లాన్. క్రోమాలో జిప్‌కేర్, రిలయన్స్ డిజిటల్‌లో రెస్‌క్యూ ఈ కోవలోవి. వీటితో పాటు బయటి సంస్థల ప్లాన్లూ ఉన్నాయి. మొదటిది తీసుకున్నంత మాత్రాన రెండోది వచ్చినట్టు కాదు. మామూలు వారంటీ పొడిగింపు తయారీ లోపాలకే. తాగుతున్న టీ కీబోర్డులో పోస్తే మూడేళ్ల వారంటీ ఉన్నా బిల్లు మీదే.

షాపు ప్లాన్ కాగితంలో చిన్న అక్షరాలే చదవాలి. ఒకటి, తరుగుదల పట్టిక ఉందా. మూడో ఏడాదికి విలువ 40 శాతం తరిగిందని రాసి ఉంటే, మీ 2.5 లక్షల యంత్రానికి వాళ్ల బాధ్యత 1.5 లక్షలకే పరిమితం. రెండు, రిపేరుకు కుదరదని తేలితే డబ్బు ఇస్తారా, అదే షాపులో వాడాల్సిన వోచర్ ఇస్తారా. మూడు, రిపేరు చేసేది కంపెనీ అధీకృత సెంటరా, వాళ్ల సొంత వర్క్‌షాపా. ఈ మూడోదే గేమింగ్ లాప్‌టాప్‌కు ప్రాణం. టీవీకో, వాషింగ్ మెషీన్‌కో వేరే బోర్డు సర్దవచ్చు గానీ, 5080 ఉన్న బోర్డు కంపెనీ దగ్గర తప్ప బజారులో సులువుగా దొరికేది కాదు. అందుకే ఈ ధరలో షాపు ప్లాన్ మేము సిఫార్సు చేయం. నలభై వేల లాప్‌టాప్‌కైతే ఆలోచించవచ్చు.

కంపెనీ పొడిగింపు బిల్లుతోనే కొనాలని లేదు. లాప్‌టాప్‌తో పాటే వచ్చే బేస్ వారంటీ నడుస్తున్నంత కాలం చాలా బ్రాండ్లు తమ సైట్‌లో సీరియల్ నంబరు మీద అమ్ముతాయి. కానీ యాక్సిడెంటల్ కవర్‌కు గడువు ఇంకా తక్కువ, కొన్న మొదటి వారాలకో నెలలకో తలుపు మూసేస్తారు. ఆలస్యమైన కొద్దీ పొడిగింపు ధర కూడా పెరగవచ్చు. కాబట్టి కౌంటర్‌లో ఒత్తిడికి లొంగకుండా ఇంటికొచ్చి, యంత్రం బాగుందని తేల్చుకుని, రీప్లేస్‌మెంట్ గడువు దాటిన వారంలోపు కొనేయడం తెలివైన పని. కొన్న తర్వాత కంపెనీ పేజీలో కొత్త ముగింపు తేదీ మారిందో లేదో చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రసీదు వచ్చి, సీరియల్ నంబరుకు తగులుకోని కేసులు మామూలే.

ఆన్‌సైటా (ఇంజనీర్ ఇంటికే రావడం), క్యారీ ఇన్‌నా (మనమే సర్వీస్ సెంటర్‌కు మోసుకెళ్లడం) అన్నది మరో మెలిక. బెంగళూరు పిన్‌కోడ్‌కు ఇంజనీర్ ఇంటికొస్తాడు. వర్క్ ఫ్రమ్ హోమ్ పేరుతో నెలల తరబడి నంద్యాలలోనో నరసరావుపేటలోనో ఉండేవాళ్లు ఆ పిన్‌కోడ్ కూడా అడిగి చూసుకోవాలి. కొన్ని ఊళ్లకు ఆన్‌సైట్ ప్లాన్ కాస్తా యంత్రాన్ని తీసుకెళ్లి బాగుచేసే పికప్‌గా మారిపోతుంది.

బ్యాటరీ సంగతి విడిగా చెప్పాలి. మూడేళ్ల వారంటీ తీసుకున్నా బ్యాటరీకి మామూలుగా ఏడాదే. కొన్ని బ్రాండ్లు మూడేళ్ల బ్యాటరీ కవర్ విడిగా అమ్ముతాయి. రోజంతా అడాప్టర్ మీదే ఆడేవాళ్లు చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకుంటే ఆ ఖర్చు తప్పించుకోవచ్చు. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టున్నా, మూత సరిగా మూసుకోకపోయినా బ్యాటరీ ఉబ్బిందేమో చూపించాలి, వాడకం వెంటనే ఆపేయాలి.

పీజీల్లో, పాత అద్దె ఇళ్లలో ఇంకో సమస్య ఉంది. 330 వాట్ల అడాప్టర్ రెండు ఆంప్స్ కూడా లాగదు, 6 ఆంప్స్ సాకెట్ చాలు. కానీ ఎర్త్ లేకపోతే లోహపు బాడీ మీద చెయ్యి పెడితే జిల్లుమంటుంది. అది లాప్‌టాప్ లోపం కాదు, సాకెట్‌ది. దీనికోసం సర్వీస్‌కు తిప్పినా లాభం లేదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల కాలిన బోర్డు మామూలు వారంటీలోకి రాదని చాలా కాగితాల్లో రాసే ఉంటుంది. డెల్, లెనోవో, హెచ్‌పీల యాక్సిడెంటల్ కవర్‌లో ఇది వస్తుంది. మన ట్రాన్స్‌ఫార్మర్ల తీరు తెలిసినవాళ్లకు ఆ కవర్ విలువ విడిగా చెప్పనక్కర్లేదు.

మరి ఎంత పెట్టాలి? మా లెక్క ఇది. పొడిగింపు, యాక్సిడెంటల్ కవర్ కలిపి ఏడాదికి లాప్‌టాప్ ధరలో 4, 5 శాతం లోపు పడితే కొనవచ్చు. ఉదాహరణకు 2.5 లక్షల యంత్రానికి రెండేళ్లకు 18,000 అంటే ఏడాదికి 9,000, 3.6 శాతం. కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఏడాదికి 8 శాతం అడుగుతుంటే వద్దు, ఆ డబ్బు పక్కన పెట్టుకోండి. మొత్తం మూడేళ్లు దాటి కొనడం కూడా అనవసరం. నాలుగో ఏటికి ఆ యంత్రం మార్కెట్ విలువ బాగా పడిపోతుంది, పవర్ సెక్షన్‌లో మాస్‌ఫెట్టో కెపాసిటరో లాంటి చిన్న భాగం షార్టయితే, ఆ భాగాన్నే మార్చే ఎస్పీ రోడ్డు చిప్ లెవెల్ సర్వీసులోనే తక్కువలో అవుతుంది. గ్రాఫిక్స్ చిప్పే పోతే మాత్రం రీబాలింగ్ (చిప్పు ఊడదీసి కొత్త టంకంతో మళ్లీ అతికించడం) చేయించకండి, తరచుగా కొన్ని నెలల ముచ్చటే అది.

నో కాస్ట్ ఈఎంఐలో కొనేవాళ్లు ఒకటి గమనించాలి. వడ్డీని ముందే డిస్కౌంట్‌గా తగ్గించినా, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే పడతాయి. జీఎస్టీ క్రెడిట్ కోసం సంస్థ పేరు మీద బిల్లు చేయించుకునే ఫ్రీలాన్సర్లు మరొకటి గుర్తుంచుకోవాలి. వాణిజ్య అవసరానికి కొన్న వస్తువుకు వినియోగదారుల చట్టం వర్తించదని అవతలివాళ్లు వాదించే వీలుంది, స్వయం ఉపాధి కోసమని మీరు చూపించుకోవాల్సి వస్తుంది.

వారంటీ ఉండీ పని జరగకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే ఊళ్లోనే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్ షీట్లు, మెయిళ్లు అన్నీ ఉంచుకోవాలి. ఫోన్‌లో మాట్లాడిన ప్రతిసారీ అదే సంగతి మెయిల్‌లో రాసి పంపడం అలవాటు చేసుకోండి.

పదకొండో నెలలో ఒకసారి కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీసి అసలు సామర్థ్యంలో ఎంత మిగిలిందో చూడండి. ఫ్యాన్‌లో గరగర వినిపిస్తోందా, మూత తెరిచేటప్పుడు హింజ్ దగ్గర బాడీ లేస్తోందా, డబ్ల్యూ, ఏ, ఎస్, డీ మీటల్లో ఏదైనా రెండుసార్లు పడుతోందా, చార్జింగ్ పిన్ కదిలిస్తే కరెంటు ఆగుతోందా పరీక్షించి, ఉన్నవన్నీ ఒకే టికెట్‌లో రాయించండి. ఫ్యాను, కీబోర్డు వారంటీలో ఉన్నంత కాలం ఉచితమే. చాలా మోడళ్లలో కీబోర్డు పై కవర్‌తో కలిపే వస్తుంది, గడువు దాటాక అదీ వేలల్లోనే.