ఆల్‌వైజ్ కేటలాగ్: అంకె కన్నా ముందు ఫ్లాగ్ చూడాలి

నక్షత్రాల చుట్టూ దుమ్ము వలయాలు వెతికే పనిలో కొన్నేళ్లుగా ఆల్‌వైజ్ అనే ఆకాశ వస్తువుల జాబితా (కేటలాగ్) వాడుతున్నాను. నాసా 2009 డిసెంబరులో పంపిన వైజ్ టెలిస్కోపు 3.4, 4.6, 12, 22 మైక్రాన్ల ఇన్‌ఫ్రారెడ్ తరంగదైర్ఘ్యాల (వీటినే బ్యాండ్లు అంటాం) దగ్గర ఆకాశమంతా తీసిన చిత్రాల నుంచి 2013లో తయారైంది ఇది. మొత్తం 74 కోట్లకు పైగా వరుసలు. వీటిని మనుషులు ఒక్కొక్కటిగా సరిచూడటం జరిగే పని కాదు కాబట్టి, ప్రతి వరుసలోనూ నాణ్యత చెప్పే అక్షరాలు, అంటే ఫ్లాగులు, పెట్టారు. నా అభిప్రాయం ముందే చెప్తాను: ఆ అక్షరాలు బాగుంటే మొదటి రెండు బ్యాండ్లను ధైర్యంగా వాడుకోవచ్చు. చివరి రెండింటిని మాత్రం చిత్రం చూడకుండా నమ్మకూడదు.

బాగా వెలిగే నక్షత్రం పక్కన పుట్టుకొచ్చే దొంగ చుక్కల్ని పట్టేది సీసీ ఫ్లాగ్స్ కాలమ్. బ్యాండుకొకటి చొప్పున నాలుగు అక్షరాలుంటాయి. డీ అంటే డిఫ్రాక్షన్ స్పైక్ (నక్షత్రం నుంచి ముళ్లలా సాగే వెలుగు గీత), హెచ్ అంటే నక్షత్రం చుట్టూ పరుచుకున్న వెలుగు, ఓ అంటే టెలిస్కోపు లోపల ప్రతిఫలించి పడిన నకిలీ బొమ్మ, పీ అంటే ముందు తీసిన ఎక్స్‌పోజర్ డిటెక్టర్ మీద వదిలిన జాడ. అక్షరం పెద్దదైతే ఆ డిటెక్షనే నకిలీ కావచ్చు. చిన్నదైతే వస్తువు నిజమైనదే, కొలతలో పక్క వెలుగు కలిసి ఉండొచ్చు. ఈ తేడా నాకు చాలా నచ్చింది. సున్నా అంటే ఏ అనుమానమూ లేదని, కానీ సున్నా కానివన్నీ ఏరి పారేస్తే మంచి నక్షత్రాలు కూడా పోతాయి.

ఫోటోమెట్రీ (వెలుగు కొలత) నాణ్యత కాలమ్‌లో కూడా బ్యాండుకొక అక్షరం. ఏ ఉంటే సిగ్నల్ నాయిస్ కన్నా పది రెట్లు, అంతకు పైన ఉన్నట్టు. బీ, సీ దాని కింద. యూ దగ్గర జాగ్రత్త! ఒక నక్షత్రానికి 'ఏఏబీయూ' అని ఉందనుకోండి. 22 మైక్రాన్ల మాగ్నిట్యూడ్ (ప్రకాశం చెప్పే అంకె, తక్కువైతే ఎక్కువ ప్రకాశం) గడిలో అంకె మామూలుగానే కనిపిస్తుంది. కానీ అది కొలత కాదు, వస్తువు అంతకన్నా ప్రకాశంగా ఉండదని చెప్పే హద్దు మాత్రమే. పక్కనున్న ఎర్రర్ గడి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ గడిని గమనించని ప్రోగ్రాము ఆ హద్దునే నిజం కొలతగా తీసుకుని, 22 మైక్రాన్లలో అదనపు వెలుగు ఉందనుకుని, లేని దుమ్ము వలయాన్ని చూపిస్తుంది.

అసలు ఇబ్బంది ఫ్లాగులన్నీ శుభ్రంగా ఉన్నచోట వస్తుంది. ఈ కేటలాగ్‌లో నాలుగు బ్యాండ్ల చిత్రాల్నీ కలిపి చూసి వస్తువును గుర్తిస్తారు, ఆ తర్వాత అదే స్థానంలో ప్రతి బ్యాండులోనూ వెలుగు కొలుస్తారు. అంటే 3.4 మైక్రాన్లలో స్పష్టంగా కనిపించే నక్షత్రం 22 మైక్రాన్లలో అసలు కనిపించకపోయినా, అక్కడ నెబ్యులా (వాయువు, దుమ్ము మేఘం) వెలుగు ఉంటే దాన్నే నక్షత్రం ఖాతాలో వేసే ప్రమాదం ఉంది. సీసీ ఫ్లాగ్స్ దీన్ని పట్టవు, వాటి పని ప్రకాశవంతమైన నక్షత్రాల వల్ల వచ్చే నకిలీల వరకే. పైగా 22 మైక్రాన్లలో బీమ్ వెడల్పు, అంటే చిత్రంలో ఒక చుక్క పరుచుకునే వెడల్పు, 12 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను డిగ్రీలో 3600వ వంతు), 3.4 దగ్గర ఉన్నదానికి దాదాపు రెట్టింపు. వెనకెక్కడో ఉన్న గెలాక్సీ కూడా అందులో కలిసిపోగలదు. నక్షత్రాలు పుట్టే మేఘాల వైపు, పాలపుంత తలం దగ్గర నాకు టెన్షన్ పెట్టేది ఇదే.

అందుకే సిగ్నల్-నాయిస్‌తో పాటు ఆ బ్యాండు రెడ్యూస్డ్ కై-స్క్వేర్ (చుక్క నమూనా చిత్రానికి ఎంత బాగా సరిపోయిందో చెప్పే అంకె) కూడా చూస్తాను. చుక్కలాంటి నిజమైన వస్తువుకు అది ఒకటికి దగ్గరగా ఉండాలి. ఎన్‌బీ అనే కాలమ్ ఒకటి కన్నా ఎక్కువైతే పక్కవాటితో కలిపి కొలిచారని అర్థం, దాన్ని వేరే జాబితాలో పెడతాను. ఇవన్నీ దాటిన వాటికి నాలుగు బ్యాండ్ల చిత్రాలూ పక్కపక్కన పెట్టి, 22 మైక్రాన్లలో గుండ్రటి చుక్క ఉందా, అది నక్షత్రం మీదే కూర్చుందా అని కళ్లతో చూస్తాను. ఈ మెట్టుకు బదులుగా పనికొచ్చే ఫిల్టరు నాకింతవరకు దొరకలేదు.

బాగా ప్రకాశవంతమైన నక్షత్రాలకు, అంటే 3.4 మైక్రాన్లలో 8, 4.6లో 7 మాగ్నిట్యూడ్ కన్నా ప్రకాశమైన వాటికి, ఇదే టెలిస్కోపు నుంచి 2012లో వచ్చిన ఆల్-స్కై కేటలాగ్ కొలతలే మేలు. ఈ మాట ఆల్‌వైజ్ వివరణ పత్రంలోనే ఉంది. మొదటి రెండు బ్యాండ్లలో మసక వస్తువులే కావాలంటే క్యాట్‌వైజ్2020 అనే తర్వాతి కేటలాగ్ ఇంకా లోతుకు వెళ్తుంది, కానీ అందులో 12, 22 మైక్రాన్లు లేవు. దుమ్ము వెతికేవాళ్లం ఆల్‌వైజ్‌కే తిరిగి రావాలి.