కడుపు క్యాన్సర్‌లో మూగబోయిన జన్యువుల కోసం మిథైలేషన్-గోల్డ్ కిట్: పనితనం, పొరపాట్లు

కొన్ని కడుపు క్యాన్సర్ కణితుల్లో, కణ విభజనకు కళ్లెం వేసే పీ16 ప్రోటీన్ కనబడదు. జన్యువును సీక్వెన్స్ చేసి చూస్తే ఒక్క అక్షరం మారి ఉండదు. ప్రమోటర్‌లో, అంటే జన్యువును పనిలో పెట్టే మొదటి భాగంలో, సీజీ జంటలు (సైటోసిన్ పక్కనే గ్వానిన్) గుత్తులుగా ఉన్నచోట సైటోసిన్ ఐదో కార్బన్‌కి మిథైల్ గుంపు అతుక్కుంటే ఇలా అవుతుంది. ఆ గుర్తును పట్టుకునే ప్రోటీన్లు డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీది ఎసిటైల్ గుంపులను తీసేసే ఎంజైములను వెంటబెట్టుకొస్తాయి. క్రోమాటిన్ (డీఎన్ఏ, హిస్టోన్ల చుట్ట) బిగుసుకుని జన్యువు మూగబోతుంది. పీ16 లేకపోతే విభజనను నడిపే ఎంజైములు సీడీకే4, సీడీకే6లకు పగ్గం ఉండదు, కణం విభజన ఆగదు. పైగా డీఎన్ఏ కాపీలు పెంచే మామూలు పీసీఆర్ చేస్తే ఈ మిథైల్ గుర్తు కాపీల్లోకి రాదు, అక్కడే పోతుంది. అందుకే ముందు బైసల్ఫైట్ మార్పిడి చేయాలి. ఆ పనికి జైమో రీసెర్చ్ వారి ఈజెడ్ డీఎన్ఏ మిథైలేషన్-గోల్డ్ కిట్ మంచి ఎంపిక. అయితే కడుపు కణితి నమూనాల విషయంలో జాగ్రత్తలు చాలా ఉన్నాయి.

మిథైల్ లేని సైటోసిన్ యురాసిల్ అవుతుంది, మిథైల్ ఉన్నది అలాగే నిలుస్తుంది. కిట్ చేసేది ఇంతే. పొడి రీఏజెంట్ ట్యూబులో 900 మైక్రోలీటర్ల నీళ్లు, 300 డైల్యూషన్ బఫర్, 50 డిజాల్వింగ్ బఫర్ పోసి 10 నిమిషాలు ఊపాలి. 20 మైక్రోలీటర్ల డీఎన్ఏకి ఈ ద్రావణం 130 కలిపి 98 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు, 64 డిగ్రీల దగ్గర రెండున్నర గంటలు ఉంచాలి. తర్వాత 600 బైండింగ్ బఫర్‌తో కాలమ్ మీదికి ఎక్కించి, కడిగి, 200 డీసల్ఫొనేషన్ బఫర్‌లో 15-20 నిమిషాలు నిలిపి, రెండుసార్లు కడిగి, 10 మైక్రోలీటర్లలో తీసుకోవాలి. పాత పద్ధతిలో రాత్రంతా పట్టే పని ఒక్క పూటలో ముగుస్తుంది. విడిగా కాస్టిక్ సోడాతో డీఎన్ఏ పోగులు విడదీసే పని కూడా ఉండదు, 98 డిగ్రీల వేడే ఆ పని చేస్తుంది.

పని తరచూ చెడేది ఈ మార్పిడి దగ్గరే. పీసీఆర్ ట్యూబు మూతకో గోడకో అంటుకున్న చుక్కకు రీఏజెంట్ సరిగా అందదు. అందులోని డీఎన్ఏ మారకుండా మిగిలి, ‘మిథైలేషన్ ఉంది’ అనే అబద్ధపు జవాబు ఇస్తుంది. కాబట్టి ట్యూబును మెషీన్‌లో పెట్టే ముందు సెంట్రిఫ్యూజ్‌లో కాసేపు తిప్పి చుక్కలన్నీ అడుక్కి దించాలి. డీఎన్ఏలో ప్రోటీన్ మిగిలినా ఫలితం అంతే. రీఏజెంట్‌కి వెలుతురు పడదు, కలిపిన రోజే వాడేయడం మేలు.

కిట్ 500 పికోగ్రాములకు కూడా పనిచేస్తుంది కానీ, 200-500 నానోగ్రాములు ఇస్తేనే ఫలితం నిలకడగా ఉంటుంది. కణజాలాన్ని మైనంలో నిలవచేసిన పారాఫిన్ బ్లాకుల డీఎన్ఏ అప్పటికే ముక్కలై ఉంటుంది, బైసల్ఫైట్ దాన్ని ఇంకా తుంచుతుంది. పీసీఆర్ ముక్క 150 బేస్‌ల లోపే ఉండాలి. చివర తీసుకునే 10 మైక్రోలీటర్లు మాత్రం చాలా తక్కువ. పీ16, ఎంఎల్‌హెచ్1, రంక్స్3 జన్యువులకు మిథైల్‌ను పట్టే ప్రైమర్ల (పీసీఆర్‌ను మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కల) జత, మిథైల్ లేనిదాన్ని పట్టే జత కలిపితే ఆరు పీసీఆర్‌లు, రెండేసిసార్లు చేస్తే పన్నెండు. 500 నానోగ్రాములతో మొదలుపెట్టి 20 మైక్రోలీటర్లలో తీసుకోవడం నయం.

డిఫ్యూజ్ రకం కణితిలో క్యాన్సర్ కణాలు విడివిడిగా పీచు కణజాలంలో దాక్కుంటాయి. బ్లాకు మొత్తం గీకితే తెల్లకణాల డీఎన్ఏ కలిసి, సీడీహెచ్1 జన్యువులో మిథైలేషన్ ఉన్నా పలచబడిపోతుంది. స్లైడు మీద కణితి భాగాన్ని గీతగీసి, అదే గీకాలి. పక్కనున్న ‘మామూలు’ పొరను పోలికకు వాడేటప్పుడూ కళ్లు తెరిచి ఉండాలి. హెలికోబ్యాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా సోకిన పొరలో క్యాన్సర్ రాకముందే మిథైలేషన్ పేరుకుంటుంది. ఏపీసీ జన్యువు ప్రమోటర్ 1ఏ అయితే ఆరోగ్యంగా ఉన్న కడుపు పొరలోనే మిథైల్‌తో ఉంటుంది. అది చూసి క్యాన్సర్ గుర్తు దొరికిందని రాస్తే తప్పు. ఎంఎల్‌హెచ్1లో ట్రాన్స్‌క్రిప్షన్ (జన్యువు నుంచి ఆర్ఎన్ఏ తయారీ) మొదలయ్యే చోటుకు దగ్గరి భాగాన్నే చూడాలి. దూరపు భాగంలో మిథైలేషన్ ఉన్నా జన్యువు పనిచేస్తూనే ఉండొచ్చు.

పీసీఆర్‌కి పీఎఫ్‌యూ లాంటి ప్రూఫ్‌రీడింగ్ (తప్పులు దిద్దే) ఎంజైములు యురాసిల్ దగ్గర ఆగిపోతాయి, వేడి తగిలాకే పని మొదలుపెట్టే హాట్‌స్టార్ట్ టాక్ ఎంజైము వాడండి. ప్రైమర్‌లో సీజీ జంటలో లేని సైటోసిన్లు కనీసం మూడు నాలుగు ఉంటే మారని డీఎన్ఏ పెరగదు. ఎస్ఎస్ఎస్1 ఎంజైముతో పూర్తిగా మిథైల్ చేసినది, మిథైల్ లేనిది, మార్పిడి చేయనిది, ఖాళీ నీళ్లు: ఈ నాలుగూ ప్రతిసారీ పక్కన నడవాలి. మారిన డీఎన్ఏ ఒంటి పోగు గనుక స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 260 నానోమీటర్ల దగ్గర ఒక యూనిట్‌కి మిల్లీలీటరుకు 40 మైక్రోగ్రాముల లెక్కన కొలవాలి. జెల్‌లో గీత రాలేదని పారేయకండి. ఎథిడియం జెల్‌ను కొన్ని నిమిషాలు ఐసు మీద పెట్టి మళ్లీ చూస్తే పొగలాంటి మరక కనిపిస్తుంది.