నిహోంగానా, ఆయిల్ పెయింటింగా?

మెయిజీ కాలం (1868–1912) నుంచీ జపాన్‌లో చిత్రకళ నేర్చుకునేవాళ్లకు ఎదురయ్యే ప్రశ్న ఇది. నిహోంగా అంటే జపాన్ సంప్రదాయ పద్ధతిలో వేసే చిత్రకళ. 1889లో టోక్యో లలితకళల పాఠశాల తెరిచినప్పుడు ఆయిల్‌కు చోటే లేదు, 1896లో దొరికింది.

ఖర్చు: నిహోంగాకే ఎక్కువ. అజురైట్ అనే నీలి రాయి లాంటి ఖనిజాలను నూరిన రంగులు మరి.

శ్రమ: ఆయిల్‌కు ట్యూబు నొక్కితే చాలు. నిహోంగాకు జంతువుల జిగురు నానబెట్టి, సన్నసెగ మీద కరిగించి, చిన్న పళ్లెంలో రంగుపొడి వేసి వేలితో కలపాలి. అజురైట్ పొడి గరుకుగా ఉంటే ముదురు నీలం, మెత్తబడేకొద్దీ లేత నీలం. ఒక్క రాయిలోనే ఇన్ని నీలాలు! అందుకే నా మనసు ఇటే మొగ్గుతుంది.

రిస్క్: జిగురు తగ్గితే రంగు రాలుతుంది, ఎక్కువైతే పగులుతుంది. ఆయిల్‌లో తప్పు గీకేసి మళ్లీ వేయొచ్చు.

ఓపిక, డబ్బు ఉండి, ఖనిజాల మెరుపు కావాలంటే నిహోంగా. దిద్దుకుంటూ వేసే అలవాటుంటే ఆయిల్.