మ్యాచ్ పాయింట్ దగ్గర చేయి బిగుసుకుపోకూడదంటే ఏది మేలు?

హైదరాబాద్‌లో పిల్లల్ని టెన్నిస్‌లో పెట్టిన తల్లిదండ్రులు రాకెట్ల ఖర్చుకు వెనకాడరు, తెల్లవారకముందే లేచి మొయినాబాద్ దాకా కారు నడపడానికీ వెనకాడరు. మనసును సిద్ధం చేసుకోవడం మాత్రం చేతికందిన మ్యాచ్ చేజారాకే గుర్తొస్తుంది. అప్పుడు తలా ఒక సలహా చెబుతారు. రోజూ ధ్యానం చేయించమని ఒకరు, కళ్లు మూసుకుని మ్యాచ్‌ను ఊహించుకోమని ఇంకొకరు, పాయింట్ల మధ్య ఒక క్రమం పాటించమని కోచ్, ప్రాక్టీసులోనే ఒత్తిడి పెట్టి ఆడించాలని మరొకరు. నాలుగూ పనికొచ్చేవే. కానీ స్కూలు, ట్యూషన్, ట్రాఫిక్ పోను మిగిలే కాస్త సమయంలో నాలుగింటికీ చోటు దొరకదు. దేన్ని ముందు పట్టుకోవాలి?

నేను వీటన్నిటినీ ఒకే కొలతతో చూస్తాను. ఒక పాయింట్ ముగిశాక తర్వాతి సర్వీస్‌కు పెద్ద టోర్నమెంట్లలో ఇచ్చే గడువు 25 సెకన్లు. కోర్టు వైపులు మారేటప్పుడు 90 సెకన్లు, సెట్ ముగిస్తే 120 సెకన్లు. ఒత్తిడితో పోరాటం జరిగేది ఈ ఖాళీల్లోనే, అదీ ఒంటరిగా. 2025 నుంచి అంతర్జాతీయ నిబంధనలు కోర్టు బయటి నుంచి కోచ్ సలహా ఇవ్వడానికి వీలు కల్పించాయి. అయినా ఆ సలహా రెండు ముక్కలకు మించకూడదు. కాబట్టి ఇంట్లో, అకాడమీలో ఏ సాధన చేసినా అది ఆ 25 సెకన్లలో చేతికి అందాలి. అందకపోతే మ్యాచ్‌లో దాని సాయం ఉండదు.

అసలు ఒత్తిడి ఏం చేస్తుందో దగ్గరి నుంచి చూడండి. 5-4 ఆధిక్యం, 40-30, సర్వీస్ తనదే, ఇంకొక్క పాయింట్ వస్తే మ్యాచ్ ముగుస్తుంది. అప్పటిదాకా ప్రతిసారీ బంతిని నాలుగుసార్లు నేలకు కొట్టి సర్వీస్ చేసిన పిల్లవాడు ఈసారి ఒక్కసారి కొట్టి టాస్ వేసేస్తాడు, అంటే సర్వీస్ కోసం బంతిని పైకి విసిరేస్తాడు. గ్రిప్ మీద వేళ్ల కణుపులు తెల్లబడి ఉంటాయి. టాస్ తల వెనక్కి పోతుంది, బంతి నెట్‌లో పడుతుంది. రెండో సర్వీస్‌ను కొట్టడు, తోస్తాడు, అదీ తప్పుతుంది. డబుల్ ఫాల్ట్. గంటన్నర పాటు హాయిగా కొట్టిన చేయి అదే. అడ్రినలిన్ పెరిగి గుండె వేగం హెచ్చింది, భుజం నుంచి మణికట్టు దాకా కండరాలు బిగుసుకున్నాయి. చేయి వదులుగా ఉంటే తప్ప రాకెట్‌కు వేగం రాదు. మనసు కూడా పక్కదారి పడుతుంది. గెలిస్తే ర్యాంకింగ్ ఎంతకు చేరుతుందో లెక్కవేస్తుంది, లేదంటే మోచేయి ఎంత వంచాలో, బంతిని ఎక్కడ అందుకోవాలో అని, అలవాటుగా జరిగిపోయే పనిలో వేలు పెడుతుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం. ఇది పిల్లలకే పరిమితమైన సమస్య కాదు. 1993 వింబుల్డన్ ఫైనల్లో స్టెఫీ గ్రాఫ్‌పై మూడో సెట్‌లో 4-1 ఆధిక్యంలో ఉన్న యానా నొవొత్నా ఒక డబుల్ ఫాల్ట్‌తో పట్టు జారవిడుచుకుని మ్యాచ్ ఓడిపోయింది. అదే నొవొత్నా 1998లో అదే టైటిల్ గెలిచింది. ఒకసారి బిగుసుకుపోయిన ఆటగాళ్లు ఎప్పటికీ అంతే అనుకునే తల్లిదండ్రులు ఈ రెండో సంవత్సరాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక ధ్యానం సంగతి. మన ఇళ్లలో దీనికి ఎవరూ అడ్డు చెప్పరు, ఖర్చూ లేదు. మనసు పక్కకు పోయిందని గుర్తించి వెనక్కి తెచ్చుకునే అలవాటు దీనివల్ల వస్తుంది, టెన్నిస్‌కు కావలసిందీ అదే. అయితే ఫలితం నెమ్మది. పన్నెండేళ్ల పిల్లవాణ్ని రోజూ ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోబెడితే వాడికి ధ్యానం మీద, కొన్నాళ్లకు టెన్నిస్ మీద కూడా విసుగు పుడుతుంది. ధ్యానంలోంచి ఒక్కటి మాత్రం వెంటనే కోర్టులోకి తెచ్చుకోవచ్చు. అది ఊపిరి. పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదిలితే గుండె వేగం కాస్త దిగుతుంది. దానికి పది సెకన్లు చాలు.

ఊహా సాధనను మనవాళ్లు చాలామంది తలకిందులుగా చేస్తున్నారు. కప్పు ఎత్తుతున్నట్టు, ఫొటోలు తీస్తున్నట్టు ఊహించుకోమంటారు. దానివల్ల ఆశ పెరుగుతుంది తప్ప ఒత్తిడి తగ్గదు. ఊహించుకోవలసింది 30-40 దగ్గర, అంటే ఆ పాయింట్ పోతే గేమే పోయే చోట, రెండో సర్వీస్. అవతలివాడు లోపల పడ్డ బంతిని అవుట్ అన్నప్పుడు తను ఏం చేస్తాడో ఊహించుకోవాలి. జూనియర్ పోటీల్లో చాలా మ్యాచ్‌లకు చైర్ అంపైర్ ఉండరు, బంతి లోపల పడిందా, బయట పడిందా అన్నది పిల్లలే చెప్పుకుంటారు కాబట్టి ఇది తప్పకుండా ఎదురవుతుంది. పెద్ద స్థాయిలో ఊహ ఎంత పని చేస్తుందో 2019 వింబుల్డన్ ఫైనల్ చూపించింది. ఐదో సెట్‌లో 8-7, 40-15తో ఫెదరర్ రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్ల మీద ఉన్నాడు. జొకోవిచ్ ఆ రెండూ కాచుకుని మ్యాచ్ గెలిచాడు. జనం రోజర్ అని అరుస్తుంటే తనకు నొవాక్ అని వినిపించేలా మనసుకు చెప్పుకున్నానని తర్వాత చెప్పాడు. కానీ అది ఏళ్ల సాధన. కోర్టులో గడిపిన గంటలు తక్కువగా ఉన్న పిల్లలకు ఉత్త ఊహ ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకోవడంలాంటిదే.

పాయింట్ల మధ్య క్రమం దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. అమెరికా క్రీడా మనస్తత్వవేత్త జిమ్ లోర్ మేటి ఆటగాళ్లు ఈ ఖాళీలో ఏం చేస్తున్నారో గమనించి, దాన్ని నాలుగు దశలుగా చెప్పారు. పాయింట్ అవ్వగానే, గెలిచినా ఓడినా, తల ఎత్తి వెనక్కి తిరగడం మొదటిది. రాకెట్ ఎడమ చేతికి మార్చుకుంటే కుడిచేతి పట్టు దానంతటదే సడలుతుంది. రెండోది సేద తీరడం: కంచె వైపు నెమ్మదిగా నడుస్తూ, చూపు రాకెట్ స్ట్రింగ్స్ మీద ఉంచి, ఊపిరి పొడవుగా వదలడం. చూపు స్ట్రింగ్స్ మీద ఉంటే గ్యాలరీలో అమ్మ ముఖం కనబడదు, అది పెద్ద మేలు. మూడోది ఆలోచన: స్కోరు ఎంత, సర్వీస్ ఎటు, తర్వాతి షాట్ ఎటు. ఇంతే, ఒక్క వాక్యం దాటకూడదు. నాలుగోది అలవాటు: బంతిని అన్నిసార్లే కొట్టడం, అదే టాస్. ఇక్కడ ఆలోచన ఆగిపోవాలి. పైన చెప్పిన పిల్లవాడిలో మొదట తప్పింది సర్వీస్ కాదు, ఈ నాలుగో దశ.

దీని బలమేమిటంటే ఇది 25 సెకన్ల కోసమే పుట్టింది. మనసుకు ఖాళీ దొరకనివ్వదు. బలహీనత కూడా ఉంది. ప్రాక్టీసులో పాటించని క్రమం మ్యాచ్‌లో గుర్తుకు రాదు. కొందరికి ఇది క్రమంగా ఫలానా మేజోళ్లు వేసుకుంటేనే గెలుస్తాననే నమ్మకంగా మారుతుంది. మేజోళ్లు ఇంట్లో మరచిపోతే కాళ్లూ చేతులూ ఆడవు. ఊపిరి, చూపు, నడక ఇంట్లో మరచిపోయేవి కావు. క్రమాన్ని వాటితోనే కట్టుకోవాలి.

ఇక నాలుగో సాధన, ఒత్తిడి పెట్టి ఆడించడం. బుట్టెడు బంతులు వరసగా కొట్టించే మన ప్రాక్టీసులో తప్పుకు ధర లేదు, పాయింట్ల మధ్య విరామమే లేదు. దాని బదులు వారానికి రెండు రోజులు గేమ్‌ను 30-40 నుంచి మొదలుపెట్టండి. సర్వీస్‌కు ఒక్క అవకాశమే ఇవ్వండి. సెట్‌ను 5-5 నుంచి ఆడించండి. మిగతా పిల్లల్ని బెంచీ మీద కూర్చోబెట్టి చూడమనండి, ఓడినవాళ్లు కోర్టంతా బంతులు ఏరాలి. పందెం చిన్నదే, గుండె దడ మాత్రం నిజమైనది. బిడియపడే పిల్లలను డబుల్స్ ఆడించడం కూడా మంచిది. ఒత్తిడి అదే అయినా పంచుకోవడానికి పక్కన ఒకరు ఉంటారు. మన సానియా మీర్జా 2015 వింబుల్డన్ డబుల్స్ ఫైనల్లో మార్టినా హింగిస్‌తో కలిసి మూడో సెట్‌లో 2-5 వెనకబడి, 5-5కు తెచ్చి, పైకప్పు మూయడానికి ఆట ఆగి మళ్లీ మొదలయ్యాక 7-5తో గెలిచింది. పిల్లలకు ఆ మ్యాచ్ చూపించండి. షాట్లకంటే పాయింట్ల మధ్య వాళ్లిద్దరినీ గమనించమనండి.

నన్ను అడిగితే మొదటి స్థానం పాయింట్ల మధ్య క్రమానిది. కాకపోతే దాన్ని ఒత్తిడి పెట్టిన ప్రాక్టీసులోనే నేర్పాలి, విడిగా కాదు. ఈ రెండూ కలిస్తేనే ఫలితం. ధ్యానం నుంచి ఊపిరి తీసుకుంటే ప్రస్తుతానికి చాలు. ఊహా సాధనను పదిహేను, పదహారేళ్లు వచ్చి మ్యాచ్ అనుభవం పెరిగాక చేర్చవచ్చు. పిల్లల స్వభావాన్ని బట్టి కొంత మార్పు ఉంటుంది. కోపంతో రాకెట్ విసిరేవాళ్లకు మొదటి రెండు దశల మీద శ్రమ పెట్టాలి. నీరుగారిపోయేవాళ్లకు సేద తీరడంకన్నా చకచకా కదలడం, భుజాలు నిటారుగా ఉంచడం అవసరం. వారాంతాల్లో ఆడే పెద్దవాళ్లకు క్రమం ఒక్కటి చాలు. ఇక 'నువ్వే గెలుస్తావు' లాంటి మాటలు 25 సెకన్లలో ఏ పనీ చెప్పవు. వాటికి బదులు ఒక అంకె చెప్పండి: ఆడిన సింగిల్స్ మ్యాచ్‌ల్లో దాదాపు 80 శాతం గెలిచిన ఫెదరర్ గెలిచిన పాయింట్లు 54 శాతమే. పోయిన పాయింట్‌ను వదిలేయడానికి పిల్లలకు ఇంతకన్నా మంచి కారణం దొరకదు.

కంచె దగ్గర నిలబడి 'నాన్నా, ఫోకస్!' అని అరిచే పెద్దలకు ఒక మనవి. ఆ కేక సరిగ్గా రెండో దశలో, ఊపిరి వదిలే చోట పడుతుంది. దయచేసి వద్దు.

ఈ వారమే టోర్నమెంట్ ఉంటే కొత్తగా ఏదీ మొదలుపెట్టవద్దు. రాకెట్ ఎడమ చేతికి మార్చుకుని ఒక్కసారి పొడవుగా ఊపిరి వదలమని చెప్పండి, అంతే. మిగతాదంతా పోటీలు ముగిశాక, 30-40 నుంచి మొదలయ్యే ప్రాక్టీసు గేముల్లో.